విలుకాడి పన్నెండు సెకన్లు

పర్చూరు నుంచి ఇంకొల్లు వెళ్ళే రోడ్డు మీద చీకటి పడేవేళ బండి నడిపినవాళ్ళకు కుక్కల సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. పత్తి చేను గట్టు మీద పడుకున్న కుక్క, మన బండి తన ఎదురుగా రాగానే లేచి ఉరుకుతుంది. మనం కాసేపట్లో చేరబోయే చోటికి అడ్డం పడి వస్తే అది మనల్ని ఇట్టే పట్టేయగలదు. కానీ అలా చేయదు. ఏ క్షణాన మనం ఎక్కడుంటే అటే మూతి పెట్టి పరుగెత్తుతుంది. మనం ముందుకు పోయేకొద్దీ దాని మూతి తిరుగుతుంది, మూతితో పాటు దారీ వంకర తిరుగుతుంది. చివరికి మన వెనక చక్రం వెంట తిన్నగా పడుతుంది. ఈ వంకర దారిని 1732లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియర్ బూగేర్ గణితంలోకి తెచ్చాడు. ఆయన ముందున్న ప్రశ్న కుక్కలది కాదు, సముద్రం మీద ఓడను తరిమే ఓడది. తెలుగులో దీన్ని అనుధావన వక్రం అనవచ్చు. ‘తరుముడు గీత’ అన్నా నాకు అభ్యంతరం లేదు.

ఆ గీత నాకు మళ్ళీ గుర్తుకొచ్చింది మాత్రం రోడ్డు మీద కాదు. మిర్చి కల్లాల రోజుల్లో సెలవులకు వచ్చిన మా మేనల్లుడు కంప్యూటర్ ముందు కూర్చుని ఆడుతుంటే వెనక నిలబడి చూశాను. తెర మీద విల్లు పట్టిన బొమ్మ ఒకటి మంచు నేల మీద పరుగెడుతోంది. దాని వెనక నాలుగింతలున్న రాక్షసుడు. బొమ్మ ఉన్నట్టుండి ఆగుతుంది, వెనక్కి తిరుగుతుంది, బాణం వదులుతుంది, మళ్ళీ పరుగు. పది నిమిషాలు ఇదే తంతు. ‘ఆగితే చచ్చాం మావయ్యా, ఆగకపోతే బాణం పడదు’ అన్నాడు వాడు, తెర మీంచి చూపు తిప్పకుండానే. ఆ మాటలో ఒక చక్కని లెక్క ఉంది. దాన్ని విప్పి చూద్దాం.

ఆ ఆట పేరు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్. అమెరికాకు చెందిన బ్లిజార్డ్ సంస్థ 2004 నవంబరులో విడుదల చేసింది. వేలమంది ఒకే ఊహాలోకంలో తలా ఒక పాత్ర ధరించి తిరిగే ఆట ఇది. అందులో విలుకాడి పాత్రను హంటర్ అంటారు. 2019లో ఆటను పాత రూపంలోనే మళ్ళీ తెచ్చారు. మావాడు ఆడుతున్నది అదే, నేను చెప్పే అంకెలూ ఆ పాత రూపానివే. ఆటలో కొలత గజాల్లో ఉంటుంది. పాత్ర మామూలు పరుగు సెకనుకు 7 గజాలు. విల్లు అందుకునే గరిష్ఠ దూరం 35 గజాలు. శత్రువు 8 గజాల లోపలికి వస్తే బాణం వేయడం కుదరదు. కత్తి దూసి పొడవాలంటే మళ్ళీ 5 గజాల్లో ఉండాలి. ఈ 5కూ 8కీ మధ్య ఉన్న మూడు గజాల పట్టీలో హంటర్ చేతులు కట్టేసినట్టే. ఆటగాళ్ళు దాన్ని డెడ్ జోన్ అని తిట్టుకునేవాళ్ళు. 2007లో ఆ పట్టీని తీసేశారు. పాత రూపంలో అది మళ్ళీ వచ్చి కూర్చుంది.

కాబట్టి విలుకాడి చేతిలో ఉన్న ఆస్తి 35 నుంచి 8 దాకా, అంటే 27 గజాలు. యుద్ధమంతా ఆ 27 గజాలను ఎలా ఖర్చు పెడతామన్నదే. బాణాలు సంతలో దొరుకుతాయి, గజాలు దొరకవు.

మూడు సెకన్లకొక బాణం వదిలే విల్లు అనుకుందాం. బాణం వదలాలంటే అరసెకను కదలకుండా నిలబడాలి. తరుముకొచ్చే మృగం వేగమూ సెకనుకు 7 గజాలే అనుకుందాం. ఇప్పుడు కొత్తగా ఆడేవాడు చేసే పని చూడండి. వాడు ఉన్నచోటే నిలబడి వేస్తాడు. మొదటి బాణం అరసెకనుకు పడుతుంది. రెండోది మూడున్నర సెకన్లకు, అప్పటికి మధ్యదూరం పదిన్నర గజాలు. మూడో బాణానికి ఇంకా మూడు సెకన్లు కావాలి, మృగం అంతకుముందే మీద పడుతుంది. రెండు బాణాలతో కథ సరి.

కాస్త తెలిసినవాడు బాణానికీ బాణానికీ మధ్య ఉన్న రెండున్నర సెకన్లూ పరుగెడతాడు. ఇద్దరి వేగమూ ఒకటే కనక పరుగులో దూరం తగ్గదు, పెరగదు. తగ్గేది ఆగిన అరసెకనులోనే, అది మూడున్నర గజాలు. బాణానికి మూడున్నర గజాల చొప్పున 27 గజాల్లో 7 బాణాలు వస్తాయి. ఎనిమిదోదానికి 7 గజాలే మిగులుతాయి, అది డెడ్ జోన్. విల్లు మారలేదు, బాణం మారలేదు. రెండు బాణాలు ఏడయ్యాయి.

మరి మా మేనల్లుడు పది నిమిషాలు ఎలా నెట్టుకొచ్చాడు? హంటర్‌కు ఆగకుండానే వేయగలిగే ఒక ప్రత్యేకమైన బాణం ఉంది. అది తగిలితే శత్రువు వేగం 4 సెకన్లపాటు సగానికి పడిపోతుంది. దాన్ని 12 సెకన్లకు ఒకసారే వాడాలి. ఈ విరామాన్నే ఆటగాళ్ళు కూల్‌డౌన్ అంటారు. ఇప్పుడు 12 సెకన్ల ఖాతా రాద్దాం. మృగం నాలుగు సెకన్లు మూడున్నర గజాల చొప్పున 14 గజాలు, మిగతా ఎనిమిది సెకన్లు 7 గజాల చొప్పున 56 గజాలు నడుస్తుంది. మొత్తం 70. విలుకాడు ఆ 12 సెకన్లలో నాలుగు మామూలు బాణాలు వేస్తాడు. నాలుగుసార్లు ఆగడం అంటే రెండు సెకన్లు పోయాయి. మిగిలిన పది సెకన్లు 7 గజాల చొప్పున పరుగు. అదీ 70.

జమా ఖర్చూ సరిగ్గా సరిపోయాయి. మధ్యదూరం ఎంతతో మొదలైందో అంతే ఉంటుంది. మళ్ళీ 12 సెకన్లు, మళ్ళీ నాలుగు బాణాలు. చేతిలో బాణాలున్నంతసేపూ, దారి ఉన్నంతసేపూ ఇలా సాగుతుంది. మృగానికి ఎంత నెత్తురున్నా ఎప్పటికో ఒకప్పటికి అయిపోతుంది. ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు నేను తప్పు చేశానేమోనని మళ్ళీ వేశాను. ఆట తయారుచేసినవాళ్ళు కావాలనే ఇలా కుదిర్చారో, కాకతాళీయమో నేను చెప్పలేను గానీ, ఇంత సన్నని తాడు మీద నడిపించడం మాత్రం ముచ్చటేసింది. ఈ తాడు మీద ఒక్క అడుగు తడబడితే, అంటే అవసరం లేకుండా ఒక్కసారి అరసెకను ఆగితే, మూడున్నర గజాలు పోతాయి. అవి తిరిగి రావు.

ఈ విద్యను ఆటగాళ్ళు కైటింగ్ అంటారు, గాలిపటం ఎగరేయడమని. సంక్రాంతికి డాబాల మీద పటాలు ఎగరేసే మన పిల్లలకు ఆ పేరు వివరించక్కర్లేదు. దారం మరీ బిగిస్తే తెగుతుంది, మరీ వదిలితే పటం వాలిపోతుంది. ఆటలోనూ అంతే. మృగాన్ని మరీ దూరం వదిలేస్తే అది విసుగెత్తి తన చోటికి తిరిగిపోతుంది. పోయిన నెత్తురంతా మళ్ళీ నిండుతుంది. పది నిమిషాల కష్టం బూడిదలో పోసిన పన్నీరు.

ఇప్పుడు మన కుక్క దగ్గరికి రావాలి. పై లెక్కంతా విలుకాడు మృగానికి తిన్నగా ఎదురుదిక్కున పరుగెడుతున్నాడన్న భరోసా మీద నడిచింది. తిన్నగా కాక పక్కకు పరుగెడితే? కుక్క గట్టు మీద ఉంది, మనం రోడ్డు మీద ఉన్నాం. మధ్య 30 గజాలు. కుక్క చూపుకు అడ్డంగా రోడ్డు పోతోంది. ఇద్దరి వేగమూ సమానం. ఇద్దరి వేగమూ ఒకటే కదా, దూరం 30 గజాలే ఉంటుందనిపిస్తుంది. ఉండదు. కుక్క మన వెనక తిన్నగా పడేసరికి అది 15 గజాలవుతుంది, సరిగ్గా సగం.

ఎందుకో చూడటానికి కలనగణితం అక్కర్లేదు. రెండు కొలతలు చాలు. ఒకటి, మనకూ కుక్కకూ మధ్య ఉన్న తిన్నని దూరం. రెండోది, రోడ్డు వెంట మనం కుక్క కంటే ఎంత ముందున్నామన్నది. మొదట్లో తిన్నని దూరం 30, రోడ్డు వెంట ముందున్నది సున్న. కుక్క పరుగులో రోడ్డు దిక్కున పడే భాగం ఎంతైతే ఉందో, ఆ మేరకు మనం దానికి దూరమవడం కుదరదు. లెక్క వేస్తే, ఏ క్షణంలోనైనా మొదటి కొలత ఎంత తగ్గిందో రెండో కొలత సరిగ్గా అంతే పెరుగుతుంది. రెండింటి మొత్తం ఎప్పుడూ 30. చివరికి కుక్క మన వెనక రోడ్డు మీదే తిన్నగా పడినప్పుడు ఈ రెండు కొలతలూ ఒకటే అయిపోతాయి. మొత్తం 30, రెండూ సమానం, కాబట్టి చెరి 15.

పక్కకు పరుగెత్తినందుకు కట్టిన జరిమానా సగం ఆస్తి. గజాల్లో చెప్పుకుంటే, పైన బాణానికి మూడున్నర చొప్పున ఖర్చు రాసుకున్నామే, దాదాపు నాలుగు బాణాల మొత్తం ఒక్క మలుపులో ఆవిరి. అందుకే ఆరితేరిన హంటర్లు పోరు మొదలుపెట్టే ముందే దారి చూసుకుంటారు. వంకర తిరగని పొడవాటి బాట, మధ్యలో వేరే మృగాలు లేనిది, చెట్టూ పుట్టా తగలనిది. కట్టె పీకేసిన పత్తి చేలు ఎండాకాలంలో పర్చూరు చుట్టూ ఎలా ఉంటాయో అలాంటి నేల. మన నల్లరేగడి మైదానంలో విలుకాడికి దాక్కునే చోటు దొరకదు, పరుగెత్తే చోటు బోలెడు. కైటింగ్‌కు కావలసింది రెండోదే.

ఒక చిన్న విషయం. ఈ ఆటలో వెనక్కి నడిచే వేగం సెకనుకు నాలుగున్నర గజాలే. శత్రువును కంటికెదురుగా ఉంచుకోవాలన్న భయంతో కొత్తవాళ్ళు మొహం అటే పెట్టి వెనకడుగు వేస్తారు, సెకనుకు రెండున్నర గజాలు ఊరికే పోగొట్టుకుంటారు. పాతవాళ్ళు వీపు చూపించి పరుగెడతారు. ఆగకుండా వేయగలిగే బాణాలు కొన్ని ఉన్నాయి. వాటిని వేయాల్సి వచ్చినప్పుడు గాల్లోకి ఎగిరి, గాల్లోనే వెనక్కి తిరిగి, బాణం వదిలి, నేల తాకేలోపు మళ్ళీ ముందుకు తిరుగుతారు. ఎగిరినప్పుడున్న వేగం గాల్లో ఉన్నంతసేపూ అదే దిక్కున సాగుతుంది కనక ఒక్క గజమూ పోదు. క్రీ.పూ. 53లో కారే దగ్గర పార్థియన్ ఆశ్వికులు రోమన్ సేనాని క్రాసస్ సైన్యాన్ని నలిపింది ఈ పద్ధతిలోనే. గుర్రం ముందుకు పోతుంటే నడుము మెలితిప్పి వెనక్కి బాణం వేసేవారు. వీళ్ళ అమ్ములపొదులు ఖాళీ అయ్యేదాకా ఓపిక పడదామని రోమన్లు డాళ్ళ చాటున కాచుక్కూర్చున్నారు. పార్థియన్ల వెనక ఒంటెల బారు ఉందనీ, దాని మీద బాణాల మోపులున్నాయనీ వాళ్ళకు తర్వాత తెలిసింది.

తెరను చూసి ఆడేవాడికి ఇంకొక శత్రువు ఉంది, జాప్యం. పిల్లలు లాగ్ అంటారు. గాజుతీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఆట నడిపే యంత్రం అమెరికాలో ఉందనుకుంటే, దారి 14 వేల కిలోమీటర్లని లెక్కేసినా, కబురు పోయి జవాబు రావడానికి 0.14 సెకను తప్పదు. ఎంత డబ్బు పోసినా ఇది తగ్గదు, ఇది భౌతికశాస్త్రం పెట్టిన గీత. దారిలోని యంత్రాల జాప్యం కలిపితే 0.2 సెకను దాటుతుంది. ఆ వ్యవధిలో మృగం 1.4 గజాలు ముందుకు వచ్చేస్తుంది. అంటే తెర మీద 9 గజాల దూరంలో కనబడే మృగం నిజానికి డెడ్ జోన్‌లో ఉంది. పైగా కంటికి కనబడ్డది వేలికి చేరడానికి మనిషికి పావు సెకను పడుతుంది. రెండూ కలిపితే మూడు గజాలకు పైమాటే. అంచు దాకా ఆగకుండా నాలుగైదు గజాలు ముందే తిరిగి పరుగందుకోవాలని మావాడు ఎక్కడో నేర్చుకున్నాడు, ఎందుకో మాత్రం వాడికి తెలియదు.

హంటర్ నిజంగా ఎప్పుడూ ఒంటరి కాదని ఒక వాదన ఉంది, వాడి వెంట పెంపుడు మృగం ఉంటుంది కాబట్టి. అది శత్రువు మీద పడి దెబ్బలు కాస్తుంటే హంటర్ దూరం నుంచి బాణాలు వేస్తాడు. ఇక్కడి లెక్క గజాలది కాదు, పగది. శత్రువు ప్రతివాడి మీదా పగను అంకెల్లో రాసుకుంటాడు. దూరాన ఉన్నవాడి అంకె, అప్పటికి తాను కొడుతున్నవాడి అంకెను నూటికి 30 మించినప్పుడే అటు తిరుగుతాడు. పెంపుడు మృగం ఖాతాలో పగ 1000 ఉంటే, హంటర్ 1300 దాటనంతవరకూ నిశ్చింత. నాకైతే ఈ పద్ధతి అంత రుచించలేదు. అది కావలి పని, వేట కాదు.

నిజమైన ఒంటరి పరీక్ష ఆ ఆటలోనే వేరే ఉంది. రోక్‌డెలార్ అనే విల్లు కావాలంటే నాలుగు ప్రాంతాల్లో మామూలు మనుషుల వేషంలో తిరుగుతున్న నలుగురు రాక్షసులను హంటర్ ఒక్కడే చంపాలి. ఇంకొకరు సాయానికి వస్తే రాక్షసుడు మాయమైపోతాడు. నలుగురికీ నాలుగు ఎత్తులు కావాలి, ఒకడి మీద పనిచేసింది ఇంకొకడి మీద చెల్లదు. మంచు నేల మీద మావాడిని తరిమింది ఆ నలుగురిలో ఒకడే. మూడుసార్లు చచ్చి నాలుగోసారి గెలిచాడు. భోజనానికి పిలిచిన వాళ్ళమ్మ చేత తిట్లూ తిన్నాడు.

కొరియాకు చెందిన గ్రావిటీ సంస్థ 2002లో తెచ్చిన రాగ్నరాక్ ఆన్‌లైన్‌లో విలుకాడి లెక్క ఇంకోలా ఉంటుంది. అక్కడి నేలంతా చదరంగం పలకలా గళ్ళు. మామూలు నడక గడికి 0.15 సెకను. విల్లు మొదట 5 గళ్ళు అందుకుంటుంది. ‘రాబందు కన్ను’ అనే విద్యను పది మెట్లూ నేర్చుకుంటే ఇంకో పది గళ్ళు కలుస్తాయి. ఒక ప్రత్యేక బాణం తగిలితే శత్రువు 6 గళ్ళు వెనక్కి తూలుతాడు. నడక లెక్కలో అది 0.9 సెకను దానం. ఇక కదలలేని మృగాలు కొన్ని ఉన్నాయి, మొక్కల్లా నేలలో పాతుకుపోయినవి. వాటి చేయి అందే దూరానికి ఒక్క గడి అవతల నిలబడి వేస్తే ఒంటికి గీత పడకుండా చంపవచ్చు. గట్టు అవతల నుంచో నీటికి అవతల నుంచో వేయడమూ మామూలే.

దీన్ని కొందరు దొంగాట అంటారు. నేను అనను. జొన్న చేల్లో మంచె ఎక్కి వడిసెల తిప్పే కాపలాదారు చేసేదీ అదే కదా. పిట్టకు అతడు అందడు, పిట్ట మాత్రం అతని రాయికి అందుతుంది. ఒక్క మనిషి ఎకరాల చేను కాయగలగడానికి కారణం బలం కాదు, ఆ ఎత్తూ ఆ దూరమూ.

అయితే తెర మీద విలుకాడికీ నేల మీద విలుకాడికీ ఒక పెద్ద తేడా ఉంది, దాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. ఆటలో బాణానికి గురి అక్కర్లేదు. శత్రువును ఎంచుకుంటే చాలు, బాణం దారి మళ్ళించుకుని మరీ పోయి తగులుతుంది. తప్పడమన్నది పాచికలు వేసినట్టు యంత్రం తేల్చే సంగతి. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ వెన్నం విషయం అలా కాదు. ఆమె వాడే కాంపౌండ్ విల్లుకు రెండు చివరలా కప్పీలుంటాయి. గురి దూరం 50 మీటర్లు. పది మార్కులు తెచ్చే పసుపు వలయం అడ్డకొలత 8 సెంటీమీటర్లు. బాణం సెకనుకు 85 మీటర్ల వేగంతో పోతుందనుకుంటే గురిని చేరడానికి 0.6 సెకను పడుతుంది. అంతలో భూమ్యాకర్షణ దాన్ని దాదాపు 1.7 మీటర్లు కిందికి లాగుతుంది. అంటే ఒక మనిషి నిలువెత్తు పతనాన్ని ముందే లెక్కలోకి తీసుకుని, అరచేతిలో పట్టే వలయంలో బాణం దింపాలి. ఒక్కో బాణానికి 20 సెకన్లు గడువు. 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఫైనల్లో ఆమె 15 బాణాలు వేసి 150కి 149 తెచ్చుకుంది. ఎదుటి కొరియా క్రీడాకారిణి సో చేవాన్‌కు 145 వచ్చాయి. ఆ క్రీడల్లోనే జట్టు పోటీలో, మిశ్రమ జంట పోటీలో మరో రెండు స్వర్ణాలు వచ్చాయి.

ఆమెను ఎవరూ తరమడం లేదు, అది నిజమే. తెర మీది హంటర్‌కు గాలి లేదు, బరువు లేదు, చేతి వణుకు లేదు. అతనికి మిగిలిందల్లా దూరమూ కాలమూ. అందుకే ఆ ఆట విలువిద్య నేర్పదు. కానీ వేగం, దూరం, కాలం అనే మూడింటి లెక్క నేర్పడానికి అంతకంటే మంచి పాఠం నాకు కనబడలేదు. రైలు స్తంభాన్ని దాటే లెక్క దగ్గర ఆవులించే పిల్లవాడు ఈ లెక్క దగ్గర కలం పట్టుకుని కూర్చుంటాడు, నేను చూశాను.

పర్చూరు చుట్టుపక్కల బడుల్లో లెక్కలు చెప్పే మాస్టార్లకు ఒక మనవి. ఈసారి తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ ప్రశ్న ఇచ్చి చూడండి. విలుకాడి పరుగు సెకనుకు 7 గజాలు, మృగానిది 8. మొదట మధ్యదూరం 35 గజాలు, 8 గజాల లోపు బాణం పడదు. మూడు సెకన్లకొక బాణం, దానికి అరసెకను ఆగాలి, తక్కిన సమయమంతా తిన్నగా పరుగు. ఎన్ని బాణాలు వేయగలడు? సమాన వేగంలో ఏడు వచ్చాయి కాబట్టి ఆరో, అయిదో అంటారు పిల్లలు. జవాబు నాలుగు.